ఓల్డ్ సెటిల్‌మెంట్: ఉభయకుశలోపరి

ఖరగ్‌పూర్ అనగానే పాఠకులకు మొదట స్ఫురించేది పొడవాటి ప్లాట్‌ఫారం. 1072.5 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం చిరకాలం ప్రపంచంలోనే అతి పెద్దదిగా పేరు మోసింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి ఆ కీర్తిని ఒకదాని తరువాత ఒకటి అందుకున్నాయి. తరువాత స్ఫురించేది 1951లో ప్రారంభమైన, దేశంలోని మొట్టమొదటి ఐ.ఐ.టి. కాని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాలలోని పాత కుటుంబాలవారి ముందు ఆ ఊరి పేరెత్తితే వేరొక మాట వినవస్తుంది: "మా తాతగారు అక్కడ సర్వీసు చేశారు." ఆ తాతగార్లలో ఎందరో కాపురమున్న పేట ఓల్డ్ సెటిల్‌మెంట్. రైల్వేవారి పాత క్వార్టర్ల వాడ అది.

ఆ వాడను చూడాలన్న కోరిక మాకు భద్రతా వారోత్సవాల సందర్భంగా కలిగింది. 1966 మార్చి 4న జాతీయ భద్రతా మండలి ఏర్పడింది. 1972 నుండి ఆ రోజును దేశమంతటా భద్రతా దినంగా పాటిస్తున్నారు. మన ప్రభుత్వ రంగ సంస్థలలో ఆ వారమంతా వ్యాసరచన పోటీలు, ప్రతిజ్ఞలు, నినాదాల ఫలకాలు షరా మామూలే. అయితే భద్రత అనే మాటను మనం ఎన్ని అర్థాలలో వాడుతున్నామో ఎప్పుడైనా గమనించామా? యంత్రం చేయి నలపకుండా చూడటం భద్రత. గేటు వద్ద లాఠీ పట్టుకొని నిలబడటమూ భద్రతే. ఉద్యోగం పర్మనెంటు కావడం కూడా భద్రతే. ఇంగ్లీషువారు సేఫ్టీ అని, సెక్యూరిటీ అని విడదీసిన వాటిని తెలుగు ఒకే మాటలో కలిపి ఉంచింది. ఈ అర్థాలన్నీ ఒకదాని తరువాత ఒకటిగా, ఒకే నేల మీద, నూరేళ్ళకు పైగా నడిచిన చోటు ఏదైనా ఉన్నదా అని వెదకితే మాకు ఓల్డ్ సెటిల్‌మెంట్ కనిపించింది.

విశాఖపట్నం నుండి ఖరగ్‌పూర్ సుమారు 760 కిలోమీటర్లు. తెలుగువారు అంత దూరం ఎందుకు వెళ్ళారన్న ప్రశ్నకు సమాధానం రైలు పటంలోనే ఉన్నది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఖరగ్‌పూర్‌ను కూడలిగా ఎంచుకొని 1899లో కటకం వైపు, 1900లో హౌరా వైపు మార్గాలు తెరిచింది. 1902లో తూర్పుకోస్తా మార్గపు ఉత్తర భాగం ఆ కంపెనీ చేతికి వచ్చింది. అంతటితో వాల్తేరు ఒక కొస, ఖరగ్‌పూర్ మరొక కొస అయ్యాయి. కరవులు, తుపానులు ఎరిగిన ఉత్తర కోస్తా పల్లెల యువకులకు ఇంటి ముంగిట ఆగిన రైలు, ఎక్కితే దింపేచోట పని కూడా చూపించింది. వర్క్‌షాపు, లోకోషెడ్డు, పట్టాల పని, పోర్టరు పని, ఏదైతేనేమి, నెల తిరిగేసరికి జీతం. వానను నమ్ముకున్న వానికి నెల జీతం కంటె భద్రత ఏమున్నది!

స్టేషను నుండి మేము టోటోలో బయలుదేరాము. బ్యాటరీతో నడిచే రిక్షాను బెంగాలులో టోటో అంటారు. మొరం నేల, ఎక్కడ చూచినా ఎర్రని ధూళి. పాత చెట్ల నీడన వరుసలు తీరిన క్వార్టర్లు. కొన్నింటి ముందు తులసికోట, ముగ్గు. కొన్నింటి తలుపులకు తాళాలు. కొన్ని గోడలపై రావిమొక్కలు. ఒక వాకిట బెంగాలీ, మరొక వాకిట హిందీ, మూడవ వాకిట మన శ్రీకాకుళపు యాస. మూడు భాషలూ ఒకే వాక్యంలో ఇమడగల నేర్పు ఇచ్చటి పిల్లలది.

వీధులను చూచినవారికి ఒక సంగతి తోచక మానదు. ఇది తనంతట తాను పెరిగిన ఊరు కాదు; గీత గీసి కట్టిన ఊరు. హోదా ననుసరించి ఇంటి పరిమాణం, జాతి ననుసరించి వాడ. పెద్ద దొరల బంగళాలు ఒకవైపు, ఆంగ్లో ఇండియన్ల ఇళ్ళు మరొకవైపు, దేశీయ కూలీల వరుసలు ఇంకొక వైపు. 1857 తిరుగుబాటు అనంతరం కట్టిన రైల్వే కాలనీలలో కంటోన్మెంటు ఛాయలు ఉండటం యాదృచ్ఛికం కాదు. యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ ఉద్యోగులతో బెంగాల్ నాగపూర్ రైల్వే వాలంటీర్ రైఫిల్స్ అనే దళం ఉండేది. పగలు రైలు నడిపేవాడు సాయంత్రం తుపాకి పట్టి కవాతు చేసేవాడన్నమాట. ఆనాటి భద్రత అంటే కంపెనీ ఆస్తికి భద్రత. ఎవరి నుండి? దొంగల నుండి మాత్రమే కాదు. ఆ ఆస్తిని తమ చేతులతో నడిపే శ్రామికుల నుండి కూడా.

ఆ అర్థానికి ఇంకొక మెట్టు ఈ పట్టణపు మరో చివర కనిపిస్తుంది. హిజ్లీ నిర్బంధ శిబిరంలో విచారణ లేకుండా ఉంచిన రాజకీయ ఖైదీలపై 1931 సెప్టెంబరు 16 రాత్రి కాల్పులు జరిగాయి. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్ గుప్తా మరణించారు. సుభాష్ చంద్రబోసు, రవీంద్రనాథ్ ఠాకూరు ఆ ఘటనను నిరసించారు. ప్రభుత్వ భద్రత కొరకని వాడుకున్న ఆ భవనంలోనే ఇరవై ఏళ్ళ తరువాత ఐ.ఐ.టి. తరగతులు మొదలైనవి. నేడు అది విజ్ఞాన ప్రదర్శనశాల. గోడలు అవే, అవి కాపాడేది మారింది.

ఇక శ్రామికుని వైపు నుండి ఇదే మాటకు పుట్టిన అర్థం చూతము. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పెద్ద ఎత్తున తొలగింపులు ప్రకటించగా సుదీర్ఘమైన సమ్మె జరిగింది. 1927-28 నాటి ఆ ఉద్యమానికి ముందు నిలిచినవారిలో ఒకరు బరంపురంలో 1894లో జన్మించిన తెలుగువారు, వరాహగిరి వెంకటగిరి. తొలగించిన కార్మికుల హక్కుల కొరకు అహింసాయుతంగా నడిపిన పోరాటంగా అది కార్మికోద్యమ చరిత్రలో నిలిచింది. "రేపు కూడా పని ఉంటుందా?" అన్న ఒక్క ప్రశ్న చుట్టూ వేలాది కుటుంబాలు తిరిగిన కాలమది. తుపాకి ఒకరి భద్రతకు చిహ్నమైతే, హాజరుపట్టీలో పేరు మరొకరి భద్రతకు చిహ్నం. ఒకే ఊరిలో ఒకే మాట రెండు అర్థాలతో ఎదురెదురుగా నిలిచింది.

ఆ గిరిగారే స్వతంత్ర భారతంలో 1952లో కార్మికశాఖ మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల వేతన నిర్ణయంపై ప్రభుత్వంతో విభేదించి 1954లో రాజీనామా చేశారు. 1969లో రాష్ట్రపతి పదవి అలంకరించారు. 1974 మే 8 నుండి 27 వరకు దేశవ్యాప్తంగా రైల్వే సమ్మె జరిగినప్పుడు రాష్ట్రపతి భవనంలో ఉన్నది ఆయనే! సమ్మెను దేశ భద్రతకు సంబంధించిన సమస్యగా ప్రభుత్వం భావించింది. వేలాది మంది అరెస్టయ్యారు. అనేక చోట్ల కుటుంబాలను క్వార్టర్ల నుండి వెళ్ళగొట్టారు. శిక్షకు గురైన ఉద్యోగులు 1977 తరువాత మధు దండవతే రైల్వే మంత్రిగా ఉన్న కాలంలో తిరిగి విధులలో చేరారు. ఇల్లు ఇచ్చిన చేయి ఇల్లు తీసుకోగలదని రైల్వే కుటుంబాలకు ఆ ఇరవై రోజులలో తెలిసివచ్చింది.

అయినా సమ్మెల మధ్య గడిచిన మామూలు దినాలే ఎక్కువ. ఆ దినాలలో ఓల్డ్ సెటిల్‌మెంట్ తెలుగు ఇంట భద్రత అంటే ఒక జాబితా: క్వార్టరు, రైల్వే ఆసుపత్రి, పాసు, ప్రావిడెంటు ఫండు, 1957లో రైల్వే ఉద్యోగులకు వచ్చిన పింఛను, ఇంటి పెద్ద విధులలో మరణిస్తే ఇంటివారికి ఉద్యోగం. ప్రపంచమంతటా ఆ శతాబ్దంలో భద్రత ఇదే దారిన నడిచింది. అమెరికాలో 1935లో సామాజిక భద్రతా చట్టం వచ్చింది. మన దేశంలో 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టం, 1952లో భవిష్యనిధి చట్టం వచ్చాయి. 1956లో జీవిత బీమా సంస్థ ఏర్పడి భగవద్గీతలోని యోగక్షేమమనే భావాన్నే తన ధ్యేయవాక్యంగా గ్రహించింది. లేనిది సమకూరడం యోగం; సమకూరినది నిలవడం క్షేమం. మన పెద్దలు రెండింటినీ జంటగా చెప్పడంలో ఎంత వివేకమున్నది!

ఆ వాడలో మాకు ఒక విశ్రాంత ఫిట్టరు పరిచయమైనారు. ముప్పై ఆరేళ్ళు వర్క్‌షాపులో పనిచేసి, ఇప్పుడు పట్టణ శివారులో రెండు గదుల సొంత ఇంట ఉంటున్నారు. సాయంత్రం మాత్రం పాత వాడకు వచ్చి చెట్టుక్రింద కూర్చుంటారు. "బాబూ, ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నాకు ఏ బెంగా లేదు. రిటైరైనాక ఇల్లు అప్పగిస్తేగాని గ్రాట్యుటీ చేతికి రాదన్నారు. తాళంచెవి ఇచ్చి రసీదు తీసుకున్నాను. మా అమ్మ పోయినది, మా పిల్లలు పుట్టినది ఆ ఇంట్లోనే. ఇక్కడ నేను అద్దెకుండేవాణ్ణని ఆ రసీదు చేతికొచ్చినాక తెలిసింది" అన్నారు. ఫిర్యాదు చేస్తున్నట్లు కాదు; లెక్క చెబుతున్నట్లు చెప్పారు. ఊరికి తిరిగి వెళ్ళలేదేమని అడిగితే, "ఊళ్ళో నన్నెరిగినవాళ్ళు ఎవరున్నారు? నా మనుషులంతా ఇక్కడే" అన్నారు.

వారింటికి రెండు వాకిళ్ళ అవతల ఒక పెద్దావిడ. భర్త విధులలో ఉండగా మరణించడంతో ఆమెకు రైల్వేలో ఉద్యోగమిచ్చారట. "కాగితాలు కదలడానికి చాలాకాలం పట్టింది నాయనా. ఆ లోపల నన్నూ నా పిల్లలనూ బతికించింది ఈ లైనే. పదకొండు రోజులు మా పొయ్యి వెలిగించనియ్యలేదు. ఒకపూట తెలుగువాళ్ళు, ఒకపూట బెంగాలీవాళ్ళు. ఆ తరువాత చీటీ పాట ముందుగా నాకే ఇప్పించారు" అన్నది. నియమావళి ఇచ్చిన భద్రత వచ్చింది, అది నిజం. దానికి ముందు నడిచివచ్చిన భద్రతకు మాత్రం ఏ నియమావళీ లేదు.

ఈ రెండవ భద్రతను ఇచ్చటి తెలుగువారు తమ వెంట ఊరి నుండే తెచ్చుకున్నారు. మన పల్లెలలో పొలిమేరను కాచేది గ్రామదేవత. కలరా, మశూచి ఊరు దాటి లోపలికి రాకూడదని ఘటాలు ఎత్తి అమ్మవారిని ఊరంతా తిప్పుకొనే ఆచారం ఉత్తరాంధ్రలో నేటికీ ఉన్నది. ఖరగ్‌పూర్ తెలుగు వాడలలో వేసవినాడు జరిగే మాతా పూజలు ఆ ఆచారానికి కొనసాగింపులే. మశూచి పోయింది, 1977లో మన దేశం ఆ వ్యాధి నుండి విముక్తమైనట్లు నిర్ధారించారు. పూజ మాత్రం పోలేదు. జబ్బు నుండి రక్షణగా మొదలైనది, పరాయి రాష్ట్రంలో తమవారిని ఏటా ఒకచోట చేర్చే ఏర్పాటుగా మారింది. తెలుగు బడి, కోవెల, చీటీల సంఘం, పెళ్ళికి పదిమందీ మోసుకొచ్చే గుండిగలు, వీటికి భద్రతా పథకాలని ఎవరూ పేరు పెట్టలేదు, అంతే.

పేరు పెట్టిన పథకాలలో ఒకటి మాత్రం మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది. పట్టాలపై నడిచే గ్యాంగ్‌మన్, ఇంజను నడిపే డ్రైవరు వయసు మళ్ళినవారైతే ప్రయాణికులకు ముప్పు కదా! అట్టివారు ముందుగా విరమించి తమ సంతానానికి ఉద్యోగం ఇప్పించుకొనే వీలును రైల్వే 2004లో కల్పించింది. 2010లో దానిని విస్తరించి లార్స్‌గెస్ అని పిలిచారు. పట్టాలకు భద్రత, ఇంటికి భద్రత, రెండూ ఒకే కాగితంపై! అయితే ప్రభుత్వ ఉద్యోగం తండ్రి నుండి కొడుక్కు సంక్రమించే ఆస్తి కాదని, అది సమానావకాశానికి విరుద్ధమని 2016లో పంజాబు-హర్యానా హైకోర్టు అభిప్రాయపడింది. 2017లో నిలిపివేసిన పథకాన్ని 2018లో రద్దుచేశారు. ఆశ పెట్టుకున్న కుటుంబాల బాధ నిజమే. ఉద్యోగం కొరకు పోటీపరీక్షకు చదువుతున్న, రైల్వే తండ్రి లేని యువకుని న్యాయమూ నిజమే. ఒక ఇంటికి కంచె అయినది మరొక ఇంటికి అడ్డుగోడ అయినదన్నమాట.

భద్రతను కంచెగా మాత్రమే తలచేవారికి ఖరగ్‌పూర్ డివిజను రెండు కఠినమైన పాఠాలు చెప్పింది. 2010 మే 28 అర్ధరాత్రి దాటాక ఖేమాసులి, సర్దిహా స్టేషన్ల మధ్య జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి, ఎదురుగా వచ్చిన గూడ్సు ఢీకొని 140 మందికి పైగా మరణించారు. అది విద్రోహచర్య అని దర్యాప్తు తేల్చింది. ఆ తరువాత కొంతకాలం ఆ ప్రాంతంలో రాత్రి రైళ్ళు ఆగిపోయాయి. 2023 జూన్ 2న బహనాగా బజార్ వద్ద కోరమండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైనులోకి పోయి, ఆగివున్న గూడ్సును ఢీకొన్నది. 290 మందికి పైగా మరణించారు. అక్కడ శత్రువు ఎవరూ లేరు. సిగ్నల్ సర్క్యూట్ మార్పులలో జరిగిన పొరపాట్లే కారణమని రైల్వే భద్రతా కమిషనరు విచారణలో తేలింది. మొదటి దానికి కాపలా కావాలి; రెండవ దానికి శ్రద్ధ కావాలి. మొదటిది పరాయివాణ్ణి అనుమానించమంటుంది; రెండవది మన పనినే మనం అనుమానించుకోమంటుంది. ఈ రెండవ అనుమానమే కష్టం. విచారణ జరిపే కమిషనరును రైల్వేశాఖ క్రింద కాక పౌరవిమానయాన శాఖ క్రింద ఉంచడంలోని ఆంతర్యం కూడా ఇదే.

సెక్యూరిటీ అన్న మాటకు మూలమైన లాటిన్ పదానికి అక్షరార్థం చింత లేకపోవడం. అనగా మన నిశ్చింత. మనసుకు సంబంధించిన ఆ మాట కాలక్రమాన రాజ్యాలకు, సేనలకు సంక్రమించింది. 1945లో ఐక్యరాజ్యసమితి దేశాల కొరకు భద్రతా మండలిని ఏర్పరచింది. అదే సమితి అభివృద్ధి నివేదిక 1994లో మానవ భద్రత అనే భావాన్ని ముందుంచి, తిండి, ఉపాధి, ఆరోగ్యం, పర్యావరణం మున్నగు ఏడింటిని అందులో చేర్చింది. తిరిగి తిరిగి మాట మళ్ళీ మనిషి వద్దకే వచ్చింది. నమ్మకం లేని చోట కట్టించుకొనే సొమ్మును మాత్రం మనం ఇప్పటికీ సెక్యూరిటీ డిపాజిట్ అంటున్నాము!

తిరుగు ప్రయాణానికి ముందు పట్టణంలోని ఒక అపార్టుమెంటు గేటు వద్ద ఇరవై అయిదేళ్ళ యువకుడు మాతో తెలుగులో మాటలు కలిపాడు. తాత, తండ్రి ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఉండి రైల్వేలో చేసినవారే. అతను ఏజన్సీ ద్వారా కాపలా పనిలో ఉన్నాడు. చొక్కా వీపున పెద్ద అక్షరాలతో సెక్యూరిటీ అని ఉన్నది. ఈ ఉద్యోగం ఎంతవరకని అడిగాము. "కాంట్రాక్టు ఉన్నంతవరకండి. కొత్త ఏజన్సీ వస్తే వాళ్ళు ఉంచితే ఉంటాను" అన్నాడు. 2004 నుండి కొత్తగా చేరిన కేంద్ర ఉద్యోగులకే పాత పింఛను లేదు. ఇక అతనికి పింఛను మాట ఎక్కడ? అతని వంటివారినీ కలుపుకొనేందుకు 2020లో పార్లమెంటు సామాజిక భద్రతా స్మృతిని ఆమోదించింది. చట్టపు మాట ఆ గేటు దాకా రావలసి ఉన్నది. వీపు మీది మాటను అతను ఇతరుల కొరకు మోస్తున్నాడు.

ఓల్డ్ సెటిల్‌మెంట్ నుండి కళింగపట్నానికో, బొబ్బిలికో వెళ్ళిన ఆనాటి ఉత్తరాలన్నీ ఒక్క మాటతో మొదలయ్యేవి: ఉభయకుశలోపరి. ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాము. మిగిలిన సంగతులు ఆ తరువాత. రెండు వైపులా కుశలం కుదిరితేనే కబురు ముందుకు సాగుతుంది. నూరేళ్ళలో ఈ వాడ చూచిన భద్రతలను ఆ మాట ముందు పెట్టి చూడవచ్చు. కార్మికునికి భయపడి కంపెనీ తెచ్చుకున్న తుపాకి ఒకవైపు కుశలమే చూచింది, అందుకే నిలవలేదు. ఒక ఇంటికి ఉద్యోగం రాసిచ్చిన పథకమూ ఒకవైపే చూచింది; నిలవలేదు. రాత్రి లాంతరు పట్టుకొని మైళ్ళకొద్దీ పట్టాలు తడిమి చూచిన గ్యాంగ్‌మన్ నడకలో, పదకొండు రోజులు ఇరుగుపొరుగు పంపిన అన్నంలో రెండు వైపులూ ఉన్నాయి, అవి నిలిచాయి.

మన కర్మాగారాలలోనూ పర్మనెంటు ఉద్యోగి, కాంట్రాక్టు కార్మికుడు వేరు వేరు కార్డులతో ఒకే గేటు దాటుతున్నారు. ఒకే క్రేను క్రింద నిలబడుతున్నారు. తెగిన గొలుసు ఎవరి కార్డునూ అడగదు. వచ్చే వారోత్సవంలో ప్రతిజ్ఞ చదివేటప్పుడు ఆ రెండవ వరుసలో నిలబడినవాని హెల్మెట్ పట్టీ బాగున్నదో లేదో, అతని పేరు ఏ బీమా పుస్తకంలోనైనా ఉన్నదో లేదో ఒకసారి విచారించుదాము. ఆ విచారణకు ఖర్చు స్వల్పం. దానితో మన భద్రతకూ పని మొదలవుతుంది.